బెరడు మీద బతికిన మొక్క

కడియం దగ్గర నర్సరీ నడిపే బంగార్రాజుకు గోదావరి ఒండ్రుమట్టి మీద ఉన్నంత నమ్మకం మనుషుల మీద ఉండేది కాదు. ఆ మట్టిలో గొడుగు గుచ్చినా చిగురేస్తుందని వచ్చినవారందరికీ చెప్పేవాడు. అందుకే, కాలేజీలో వృక్షశాస్త్రం బోధించే మంజుష తమ ల్యాబులో పెంచిన ఏడు చిన్న ఆర్కిడ్ మొక్కలను బెరడు ముక్కల మీద తెచ్చి, పెంచమని ఇచ్చినప్పుడు, ఆమెను మాట పూర్తి చేయనివ్వలేదు.

"మొక్కల పెంపకం మాకు చెప్పాలామ్మా? మా తాతగారి నాటి నుంచీ ఇదే పనండి."

ఆమె వెళ్ళగానే ఒండ్రుమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపించాడు. ఇరవై రెండేళ్ళుగా అక్కడి పందిరి కింద లేతమొక్కలు సాకుతున్న ఏసమ్మ ఒక మొక్కను తిప్పి చూసింది. తెల్లని వేళ్ళు బెరడును గట్టిగా కరుచుకుని ఉన్నాయి.

"రాజుగారూ, ఇది చెట్టుని పట్టుకుని బతికే రకంలా ఉందండి. మట్టిలో పెడితే ఊపిరాడదేమోనండి."

"అంటే బదనికా ఏంటి? చెట్టు రసం పీల్చేదాన్ని నేను పెంచాలా?"

"పీల్చట్లేదండి. ఊరికే పట్టుకునుంది. ఒక్కటి నాకొదిలేయండి."

"తీసుకో. ఒకటి పోతే పోయేదేముంది!"

ఆరు మొక్కలు మట్టిలోకి వెళ్ళాయి. ఏడవదాన్ని ఏసమ్మ బెరడుముక్కతో సహా సపోటా చెట్టుకు కొబ్బరిపీచుతో కట్టి, పూటపూటా నీళ్ళు చిలకరించసాగింది.

పద్దెనిమిదో రోజుకు ఆ ఆరింటి వేళ్ళూ నల్లగా కుళ్ళిపోయాయి. ఏసమ్మ తోటి పనివాళ్ళు పదకొండుమందీ టిఫిన్ బాక్సులు విప్పుకుని కూర్చున్న వేళ బంగార్రాజు వచ్చి నిలబడ్డాడు.

"అతిగా నీళ్ళు పోసి చంపేసింది. ఏసమ్మ చేతికి మొక్కనిస్తే ఇంతే!"

మర్నాటి నుంచి ఆమెను పందిరి కింద నుంచి తప్పించి, ఎండలో కలుపుతీతకు పంపాడు. ఎండను ఆమె లెక్కచేయలేదు. అందరి ముందూ పడిన ఆ మాట మాత్రం మెత్తని అన్నంలో రాయిలా పంటికి తగులుతూనే ఉంది. అది వెనక్కి పోవాలంటే ఆ ఒక్క మొక్కా బతకాలి.

రోజూ కలుపుకు వెళ్ళేముందు, ఇంటికి మళ్ళేముందు సపోటా చెట్టు దగ్గర ఆగేది. తోటి కూలి సారిక ఊరుకునేది కాదు.

"అత్తా, మావయ్యకైనా ఇన్నిసార్లు మంచినీళ్ళిచ్చావా?"

"ఆయనకి నోరుందే. అడుగుతాడు."

తొలకరి జల్లులు పడ్డాక ఒక కొత్త వేరు పచ్చని మొనతో బయలుదేరి సపోటా బెరడును తడుముకుంటూ అతుక్కుంది. మరికొన్నాళ్ళకు సన్నని కాడ వేలాడింది. ఒకనాటి ఉదయం ఆ కాడ నిండా వేలిగోరంత ఊదారంగు పూలు విచ్చుకున్నాయి. ఏసమ్మ చేతిలోని కలుపు కొడవలి అలాగే ఉండిపోయింది.

సారిక ఫోన్‌లో పంపిన ఫోటో చూసి మంజుష గంటలో వచ్చింది.

"ఎవరు కట్టారండి దీన్ని?"

"మా నర్సరీలోదేనండి," అన్నాడు బంగార్రాజు.

"అది కనబడుతూనే ఉంది రాజుగారూ. చెయ్యి ఎవరిది?"

"ఏసమ్మదండి," అన్నాడాయన.

"ఇది చెట్టు రసం ముట్టుకోదు. వానా, గాలిలో తేమా చాలు దీనికి. మట్టిలో పెడితే వేళ్ళు కుళ్ళిపోతాయని చెప్పబోతేనే కదండీ, ఆ రోజు మీరు చెప్పనివ్వలేదు!"

బంగార్రాజు ఏసమ్మ వైపు తిరిగాడు. "ఏసమ్మా, రేపట్నుంచి పందిరి కిందకి వచ్చెయ్."

ఏసమ్మ కదలలేదు. "వస్తానండి. ఆ రోజు మీరు టిఫిన్ వేళ, పదకొండుమంది ముందు అన్నారండి. ఈ మాట కూడా వాళ్ళ ముందే అనండి."

"ఇప్పుడా?"

"టిఫిన్‌కి ఇంకా పావుగంట ఉందండి. ఆగుతాను."

ఆగింది. మంజుష కూడా ఆగింది. అందరూ బాక్సులు విప్పాక బంగార్రాజు లేచి నిలబడ్డాడు.

"మొక్కలు చచ్చింది నేను పెట్టించిన మట్టి వల్ల. ఏసమ్మ తప్పేం లేదు."

"నీళ్ళ మోటారు మోతలో వినబడలేదండీ!" అంది సారిక. ఎవరో పరుగున వెళ్ళి మోటారు కట్టేశారు. ఆయన మళ్ళీ గట్టిగా చెప్పాడు. ఈసారి ఆయనకే నవ్వొచ్చింది. పదకొండుమందీ చప్పట్లు కొట్టారు.

అప్పుడు నవ్వింది ఏసమ్మ. కొంగు బిగించి, పూలు చూడడానికి అందరినీ సపోటా చెట్టు దగ్గరికి వరుసగా రమ్మంది.

"చేతులు వెనక్కి పెట్టుకోండి," అంది. "రాజుగారూ, మీరూనండి."