దుమ్ము వెనకాల తోడు

ఈ చుక్కకి తోడెవరో తేలకుండానే సెలవులు అయిపోయేలా ఉన్నాయి, ఎక్స్‌రేలు చిమ్ముతోందని ఉపగ్రహం చెప్పిందంటే పక్కన ఇంకో చుక్క ఉండి తీరాలి, దాని ఒంట్లోంచి జారిపడే వాయువే కదా ఇక్కడ కాగి ఎక్స్‌రేలయ్యేది, ఒంటరిదైతే ఈ చచ్చిన చుక్క ఎప్పుడో చల్లబడి ఊరుకునేది, కానీ ఫొటోలో ఆ చోట నల్లగా దుమ్ము తప్ప ఏమీ లేదు, ఆ దుమ్ములోంచి బయటపడేది ఇన్‌ఫ్రారెడ్ ఒక్కటే, కంటికి ఆనని వేడి వెలుగు, పోయిన చలికాలం కొండమీద అబ్జర్వేటరీలో స్వెట్టరు మీద స్వెట్టరు తొడుక్కుని కొలిచిన అంకెల్ని ఇప్పుడు నర్సీపట్నంలో ఫ్యాను తిరగని మధ్యాహ్నం ముందేసుకుని కూర్చున్నాను, వేడిగా ఉన్న ప్రతిదీ ఇన్‌ఫ్రారెడ్‌లో వెలుగుతుంది, ఆకాశం, టెలిస్కోపు, పక్కన నిలబడ్డ నేను కూడా, అందుకే ఓసారి చుక్కని, ఓసారి పక్కనున్న ఖాళీ ఆకాశాన్ని చూసి, మొదటిదాంట్లోంచి రెండోది, అంటే దగ్గరి వేడినంతా తీసేస్తే మిగిలిందే చుక్క, తీసేయడం నాకు బాగా వచ్చు, పెళ్లిమాట తీసేశాను, చుట్టాలని తీసేశాను, కాలేజీలో నన్ను చూసి శారదాంబ మేడమ్ వస్తోందంటే స్టాఫ్‌రూములో కబుర్లు ఆగిపోతాయి, సాయంత్రమయ్యేసరికి భయమేస్తుంది, ఎవరికి చెప్పుకోను, చిలకమ్మ ఇంకా రాలేదేం, ఈపాటికి ఎండుచేపల తట్ట అరుగుమీద దించి దాహమమ్మా అనాలి.

నీళ్లు పోయడం నా పని, మా అమ్మ పోసినట్టే చెంబు ఎత్తి పైనుంచి పోస్తాను, అది దోసిలి పడుతుంది, చెంబు దానికి తగలదు, అదిగో వచ్చింది, ఏమే ఇంత ఆలస్యం అన్నాను, ఇయ్యాలే ఆఖరమ్మా, మోకాళ్లు లెగడం నేదు, రేపట్నుంచి కోడలు తిరుగుతాది అంది, సరే కోడలికీ పోస్తాలే నీళ్లు అన్నాను, నవ్వింది, అదెందుకొస్తాదమ్మా ఈ ఈదికి, బేమ్మర్ల ఈదిలో సేపలు కొనీవోలు ఎవులున్నారు అంది, నిజమే, బ్రాహ్మణ వీధిలో ఎవరూ కొనరు, నేనూ కొనలేదు, ఇన్నేళ్లలో ఒక్క చేపా అమ్ముడుపోలేదు, మరి నువ్వెందుకొచ్చేదానివే అన్నాను, ఏటమ్మా అలగడుగుతారు, బస్సు దిగి బజారుకెల్లీ దారి అటు, పనిగట్టుకుని ఇటొచ్చీదాన్ని, మీరొక్కరే ఉంటారు గదా, సూసెల్దారని అంది.

తట్ట నెత్తిన పెట్టుకుని, ఆ మోకాళ్లతో, చుట్టూ తిరిగి, నన్ను చూడడానికి, ఖాళీ ఆకాశమనుకుని నేను రోజూ తీసేసింది ఈమెనే, చెంబు ఇంకా పైనే ఉంది, దోసిలి కిందే ఉంది, పొయ్యండమ్మా బేగి, ఏటలా సూస్తారు అంటోంది, చెంబు దించి ఆమె చేతుల్లో పెట్టాను, వద్దమ్మా మైలైపోద్ది అని వెనక్కి జరిగింది, పట్టుకో అని కసిరాను, నాకు ఏడుపొస్తోంది మరి, గుక్కతిప్పుకోకుండా తాగింది, ఆమె పక్కనే అరుగుమీద కూర్చున్నాను, భుజం తగిలింది, ఎండకి కాగి వెచ్చగా ఉంది, ఇన్నేళ్లూ నేను ఒంటరిదాన్ని కాను, రేపట్నుంచి అవుతాను.