తగిలిందని ఆమే చెప్పాలి

అంకిస అనే ఊళ్ళో కిషన్ ఇంట్లో ఏదో ఒకటి కింద పడని రోజు ఉండేది కాదు. ఒకనాడు చెంబు, ఒకనాడు కూర గిన్నె. చప్పుడు వినగానే వాకిట్లో కూర్చున్న కిషన్ తల్లి వెంకటవ్వ, "చేతులు ఈడ, మనసు తల్లిగారింట్ల" అనేది. కిషన్ తల తిప్పకుండానే, "జర సోయి వెట్టి పనిజెయ్యరాదు" అని భార్య అరుణశ్రీని కసిరేవాడు. అతను చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యి చేసుకోడు. అందుకేనేమో, తన మాటలో తప్పుందని అతనికి ఎన్నడూ తోచలేదు. ఇటువంటి ఇళ్ళు మనం చూడనివా?

ఒక ఉదయం అన్నం వారుస్తుండగా గిన్నె అరుణశ్రీ చేతిలోంచి జారింది. వేడి గంజి పడి పాదం బొబ్బలెక్కింది. కిషన్ గాభరాపడి ఆమెను బండి మీద కూర్చోబెట్టుకుని సిరోంచ దవాఖానాకు తీసుకుపోయాడు.

అది మరాఠీ రాజ్యం; అక్కడి డాక్టర్ ప్రణాలికి తెలుగు రాదు. గోదావరి అవతలి తెలుగు ఒడ్డున పుట్టిన అరుణశ్రీకి మరాఠీ రాదు. ఇద్దరి మధ్య మాట చేరవేసే పని రెండూ వచ్చిన కిషన్ మీద పడింది. పాదానికి మందు పూస్తూ డాక్టర్, గిన్నె ఎలా జారిందని అడిగింది. "ధ్యాస ఉండదు మేడమ్" అని కిషనే జవాబు చెప్పేశాడు. "నేనడిగింది నిన్ను కాదు, ఆమెను అడుగు" అంది డాక్టర్.

"పట్టుకున్ననే అనుకున్న" అంది అరుణశ్రీ మెల్లగా. "చూస్తే చేతుల లేదు."

కిషన్ నవ్వుతూ ఆ మాట మరాఠీలో చెప్పాడు. డాక్టర్ నవ్వలేదు. కుర్చీ దగ్గరకు లాక్కుని అరుణశ్రీ రెండు చేతులనూ ఒళ్ళో పక్కపక్కన పెట్టించింది. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ కండ గుంటపడి ఉంది. రోజూ ఆ చేతి అన్నమే తింటున్న కిషన్ దాన్ని అప్పుడే చూశాడు. మోచేయి మడిచి తనను నెట్టమంది డాక్టర్. ఎడమ చేయి గట్టిగా నెట్టింది. కుడిచేయి వణికి వాలిపోయింది. చిన్న సుత్తితో మోచేతి వెనక తట్టితే ఎడమ చేయి ఉలిక్కిపడ్డట్టు కదిలింది. కుడిచేతిలో చలనం లేదు.

"ఇప్పుడు కళ్ళు మూసుకోమను. దూది తగిలినప్పుడల్లా తగిలిందని చెప్పాలి."

ఎడమ చేతి మీద దూది ఆనించినప్పుడల్లా, "తగిలింది" అంటూ వచ్చింది అరుణశ్రీ. కుడిచేతి నడిమివేలి మీద ఆనించినప్పుడు ఏమీ అనలేదు. పక్కవేలికీ అంతే. కిషన్ ఆగలేకపోయాడు.

"తాకింది గదనే! చెప్పవేంది?"

డాక్టర్ అతని వైపు తిరిగింది. "నీ కళ్ళకు కనిపించింది కాబట్టి తాకిందంటున్నావు. చేయి ఆమెది. తగిలిందో లేదో ఆమే చెప్పాలి."

దూది మళ్ళీ అదే వేలి మీద నడిచింది. అరుణశ్రీ కళ్ళు మూసుకుని, ఎప్పుడు తగులుతుందా అని చెవి ఒగ్గి కూర్చున్నట్టు కూర్చుంది.

ఎన్నాళ్ళనుంచి ఇలా ఉందని డాక్టర్ అడిగింది. అతను ఆ ప్రశ్నను తెలుగులో చెప్పి, మొదటిసారి జవాబు కోసం ఆగాడు.

"పోయిన యాసంగి కోతలప్పటి సంది" అంది అరుణశ్రీ. "వరి మోపులు మోసినంక మెడకాంచి ఏళ్ళదాంక గుంజుడు, తిమ్మిర్లు. నీకు చెప్పిన. పని తప్పించుకునే సాకులన్నవు. అత్తకు చెప్తే నవ్వింది. ఇగ చెప్పుడు బంద్‌జేసిన."

"ఏమంటోంది?" అంది డాక్టర్.

నొప్పి అంటోందని ఒక్క ముక్కలో తేల్చేయవచ్చు. కిషన్ ఒక్క మాటా వదలకుండా తన సాకుల మాటతో సహా మరాఠీలో చెప్పాడు.

మెడలో నరం నొక్కుకుపోయినట్టుందనీ, చంద్రపూర్‌లో స్కాన్ తీయించాలనీ, ఇక తలమీద బరువు వద్దనీ డాక్టర్ చెప్పింది. "చెప్పిన నాడే తెచ్చి ఉంటే కండ ఇంత కరిగేది కాదు. ఇప్పుడు ఎంత తిరిగొస్తుందో నేను మాట ఇవ్వలేను."

స్కాన్‌లో నరం నొక్కుకుపోవడమే తేలింది. మందులు, వ్యాయామాలు నెలల తరబడి సాగాయి. తిమ్మిర్లు తగ్గాయి. నడిమివేలికి స్పర్శ తిరిగొచ్చింది. చేతిలోని గుంట మాత్రం పూడలేదు. నీళ్ళ బిందె, వరి మోపు కిషన్ ఎత్తుకున్నాడు.

"కోడలు మారాణయిందా?" అని పొరుగింటామె ఎకసెక్కంగా అంటే, వెంకటవ్వ లేచి లోపలికి వచ్చేసింది. తర్వాత కొడుకును పిలిచి తన ఎడమ భుజం పట్టుకుంది.

"ఇది లేవక ఏండ్లయితాంది కొడుకా. మీ నాయినకు చెప్తే, వయసుల ఉన్నదానికి నొప్పులేందన్నడు. ఇగ నేను గూడ కోడల్ని గట్లనే అన్న."

మరునాడు కిషన్ బండి మీద సిరోంచకు బయల్దేరింది వెంకటవ్వ.

పాఠకులారా, మన ఇళ్ళలో ఆడవాళ్ళు నొప్పి అన్నప్పుడు దానికి సాక్ష్యం అడగకండి. ఆ నొప్పి ఉందో లేదో చెప్పవలసింది వాళ్ళే, విని నమ్మవలసింది మనం.