నిరుటి గోలీ యాడున్నడు?

రాజేశం కాలికి ఫుట్‌బాల్ ఎప్పుడూ సరిగ్గా తగల్లేదు. చేతికి తగిలిందంటే మాత్రం ఇక జారదు. ఖతర్ రాకముందు జగిత్యాల పక్క ఊళ్లో మేస్త్రీల కింద పదేళ్లు పనిచేశాడు. కింద నుంచి ఒకడు ఇటుకలు విసురుతుంటే పరంజా మీద నిలబడి పట్టి పక్కవాడికి అందించడం అతని పని. పట్టడం తప్పితే ఇటుక తన మూతి మీదైనా పడుతుంది, కిందివాడి నెత్తి మీదైనా పడుతుంది. అలాంటి బడిలో చదివినవాడికి గాలి నింపిన బంతి ఒక లెక్కా?

ఖతర్‌లో ప్రపంచ కప్పు ఇంకో రెండేళ్లు ఉందనగానే అందరికీ ఫుట్‌బాల్ పూనకం పట్టింది. సిమెంటు పని చేసే కంపెనీలు కూడా జట్లు కట్టాయి. శుక్రవారం వస్తే కూలీలు జెర్సీలు తొడుక్కుని కంపెనీల కప్పు ఆడేవాళ్లు. రాజేశం పనిచేసే చిన్న కంపెనీ రెండో ఏడు అందులో సెమీఫైనల్ దాకా పోయిందంటే అది గోల్ కాసే గోలీగా నిలబడ్డ రాజేశం చేతుల చలవే. మిగతా పదిమందీ బంతి వెనకాల పెళ్లి బారాత్ తీసుకుపోతున్నట్టు తిరిగేవారు.

సెమీఫైనల్లో ఓడిన పది రోజులకు దోహా వెస్ట్ బేలో కడుతున్న హోటల్ పూర్తయింది. దాంతోపాటు కంపెనీ పని కూడా పూర్తయింది. నెలలోపు ఇంకో కంపెనీ చూసుకోండి, లేదంటే టికెట్ ఇస్తాం, ఇంటికి పోండి అన్నారు. ఆ మధ్య చట్టం మారింది కనుక కంపెనీ మారడానికి పాత యజమాని గడ్డం పట్టుకోనక్కర్లేదు. కానీ కొత్తవాడు తీసుకోవాలి కదా. రాజేశం ఇంటికి పోలేడు. కూతురు రాణి పాలిటెక్నిక్ ఇంకా రెండేళ్లుంది, ఆ రెండేళ్లూ అతను ఇక్కడ నిలబడి తీరాలి.

అదృష్టం కొద్దీ ఒకరు కాదు, ఇద్దరు వచ్చారు. పెళ్లిచూపుల్లో కూడా రాజేశాన్ని ఎవరూ అంత ఆశగా చూడలేదు. మొదటివాడు నిజామాబాద్ లియాఖత్ అలీ, కూలీలను నీలం బస్సుల్లో తిప్పే కంపెనీలో క్యాంప్ బాస్, అంటే కూలీల బసకు పెద్ద. నిరుడు కప్పు వాళ్లదే. రెండోవాడు కోరుట్ల నర్సింగ్, పసుపు బస్సుల కంపెనీలో ఫోర్‌మన్. నిరుడు ఆఖరి స్థానం వాళ్లది, ఆ స్థానానికి వేరే ఎవరూ పోటీ కూడా పడలేదు.

ఇద్దరికీ తెలియని సంగతి ఒకటుంది. సెమీఫైనల్లో ఆఖరి బంతి పట్టినప్పుడు రాజేశం కుడి బొటనవేలు కలుక్కుమంది. అప్పటి నుంచి మడవడం లేదు. ఎవరైనా చెయ్యి కలపబోతే గుండె మీద చెయ్యి పెట్టుకుని సలాం చేసేవాడు. అతని మర్యాద చూసి అందరూ ముచ్చటపడ్డారు. భార్య సుమలత మాత్రం వీడియో కాల్‌లో రెండు నిమిషాల్లో పట్టేసింది.

"ఫోను ఎడమ చేత పట్టినవేంది? కుడి చెయ్యికేమైంది?"

రాజేశం చెప్పక తప్పలేదు. ఆమె ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. చుట్టడం ఆపకుండానే అంది.

"నేను మూడు బీడీ కార్ఖానాలు మారిన. మారేముందు అండ్ల చేసెటోళ్లను అడగద్దు, అందరు మంచిగనే ఉందంటరు. మానేసినోళ్లను అడగాలె. నిరుడు గోలీ ఎవలు, ఇప్పుడు యాడున్నడు, గంతే అడుగు."

"గట్ల అడిగితె ఏమనుకుంటరే?"

"నువ్వు అడగకు. ఆడికి పోయినంక ఫోను వాళ్లకియ్యి, నేనడుగుత."

నీలం కంపెనీ క్యాంపు అల్ వక్రా దాటాక ఉంది. లియాఖత్ అలీ మెట్రో స్టేషన్‌కే కారు పంపాడు. రాజేశానికి కొత్త పరుపు చూపించారు, కింది మంచం చూపించారు, వెనకాల అతని పేరు అచ్చేసిన జెర్సీ చూపించారు. మటన్ బిర్యానీ ఎంత పెట్టారంటే ఆ పూట ఎవరైనా పెనాల్టీ కొడితే అతను పక్కకు కదలగలిగేవాడు కాదు. గోడ మీద నిరుటి ఫోటో ఉంది. జట్టంతా నిలబడి ఉంటే నడుమ గోలీ ఛాతీ మీద కప్పు.

భోజనం కాగానే లియాఖత్ అలీ స్వయంగా సుమలతతో మాట్లాడాడు.

"చెల్లె, నువ్వు ఫికర్ చెయ్యకు. మీ ఆయనకు ఎండల పనే లేదు. స్టోర్ల డ్యూటీ, ఏసీల."

"మంచిది భాయ్. నిరుడు మీ గోలీ ఎవలు?"

"జహాంగీర్! షేర్ ఉండె, సింహం."

"ఇప్పుడు యాడున్నడు?"

లియాఖత్ అలీ గడ్డం గోక్కున్నాడు. "వెకేషన్ల ఉన్నడు."

"ఎన్నొద్దులాయె?"

"హలో? హలో? నెట్‌వర్క్ మంచిగ లేదు చెల్లె," అని ఫోన్ రాజేశం చేతిలో పెట్టి వేరే పని మీద పోయాడు. నెట్‌వర్క్ బ్రహ్మాండంగా ఉంది. సుమలత చేతిలోని బీడీ దారం కూడా కనిపిస్తోంది.

చెయ్యి కడుక్కోవడానికి పోయిన రాజేశం గిన్నెలు తోముతున్న ముసలాయన్ని అదే అడిగాడు. ఆయన అటూ ఇటూ చూశాడు.

"వెకేషనా? ఫైనల్ల మణికట్టు ఇరిగింది తమ్మీ. కప్పు చేతికిచ్చిర్రు, ఫోటో దిగిర్రు. ఎనిమిదో రోజు టికెట్ చేతికిచ్చిర్రు. పోతుంటె వాని సంచి కూడ నేనే మోసిన."

రాజేశం మళ్లీ ఫోటో దగ్గరికి పోయాడు. ఇందాక కప్పునే చూశాడు, ఇప్పుడు మనిషిని చూశాడు. జహాంగీర్ ఎడమ చేత్తో కప్పు పట్టుకుని, కుడి చెయ్యి దాని వెనకాల దాచుకుని నవ్వుతున్నాడు. రాజేశం కుడి చెయ్యి అప్పటికే జేబులో ఉంది.

పసుపు కంపెనీ క్యాంపు దోహా పారిశ్రామిక వాడ సనయ్యలో, వర్క్‌షాపుల మధ్యన. అక్కడ కారు రాలేదు, నర్సింగే కుంటుకుంటూ బస్టాపుకు వచ్చాడు. పప్పు, దొండకాయ వేపుడు పెట్టారు. పై మంచం ఒకటే ఖాళీగా ఉంది. ఏసీ ట్రాక్టర్‌లా మోగుతోంది. జెర్సీ చూపించమంటే నర్సింగ్ సిగ్గుపడ్డాడు, ఉతికి ఆరేశామన్నాడు.

సుమలత ఫోన్‌లోకి వచ్చింది. మొహమాటం లేకుండా మొదలుపెట్టింది.

"అన్నా, నిరుడు మీ గోలీ ఎవలు?"

చుట్టూ కూర్చున్న పదిమందీ గొల్లున నవ్వారు. నర్సింగ్ చెవులు ఎర్రబడ్డాయి.

"నేనేనమ్మా."

"ఎన్ని గోల్స్ పోనిచ్చినవ్?"

"ఒక్క ఆటల తొమ్మిది. మోకాలు ఇరిగినంక మూడు, ఇరగకముందు ఆరు."

"మరి కంపెనీ ఏమన్నది?"

"ఏమంటది? మేనేజర్ సారు తెల్లారెదాక తిట్టిండు. క్యాంపంత తిట్టింది. వంటాయనైతె వారం రోజులు నాకు నీళ్ల చారే పోసిండు. మోకాలుకు కట్టు కట్టిచ్చిర్రు, మూడు నెలలు కూసోని చేసే పని ఇచ్చిర్రు. మళ్ల డ్యూటీకి పోయిన."

సుమలత భర్తను పిలిచింది.

"ఏమయ్యా, ఆ బొటనేలు అన్నకు చూపెట్టు."

రాజేశం మనసులో భార్యను తిట్టని తిట్టు లేదు. ఇన్నాళ్లు గుండె మీద దాచిన చెయ్యిని ముందుకు చాపాడు. నర్సింగ్ వేలు పట్టుకుని వంచబోతే రాజేశం మూలిగాడు. అయిపోయింది, ఇక టికెటే అనుకున్నాడు.

"ఇది మడుస్తలేదు కదరా?"

"లేదన్నా."

నర్సింగ్ తన మోకాలు చూసుకున్నాడు, ఆ వేలు చూశాడు. "నాకు మోకాలు లేదు, నీకు ఏలు లేదు. ఇద్దరం కలిస్తె ఒక గోలీ అయితం. పొద్దుగాల దవాఖానకు పోదాం పా."

రాజేశం కళ్లు తుడుచుకున్నాడు. దొండకాయలో కారం ఎక్కువైందన్నాడు గానీ ఎవరూ నమ్మలేదు.

మర్నాడు రాజేశం తన నిర్ణయం చెప్పినప్పుడు లియాఖత్ అలీ ఫోన్‌లోనే తల కొట్టుకున్నాడు. "ఏసీ స్టోర్ ఇడిసిపెట్టి సనయ్యకు పోతవా? పాగల్ గాడివి భాయ్ నువ్వు."

వేలికి ఆరు వారాలు కట్టు ఉంది. ఏడో వారం కొత్త ఏటి కప్పు మొదలైంది, మొదటి ఆటే నీలం కంపెనీతో. కట్టు విప్పిన వేలు ఇంకా తన మాట వినడం లేదు. రాజేశం గోల్ ముందు ఒళ్లు దాచుకోకుండా దూకాడు. అయినా ఏడు గోల్స్ పోయాయి. ఆరోది ఎలా పోయిందో అతనికి ఇప్పటికీ తెలియదు, అప్పుడు అతను ఇంకా ఐదోదాని లెక్కే చూసుకుంటున్నాడు. మేనేజర్ సారు అరబ్బీలో మొదలుపెట్టి హిందీలో ముగించాడు. వంటాయన నీళ్ల చారు పోశాడు.

తెల్లవారి బస్సు ముందు టైమ్‌కీపర్ హాజరు పట్టీ చదువుతున్నాడు. ఒక్కొక్క పేరూ పోతుంటే రాజేశం తన పేరు కొట్టేశారేమోనని చెవులు రిక్కించాడు. పట్టీ చివరికొచ్చింది.

"రాజేశం!"

"ఉన్నా!" అని అతను అరిచిన అరుపుకు పక్క బస్సువాళ్లు కూడా తొంగిచూశారు.

"అరవకురా," అన్నాడు ముందు సీట్లోంచి నర్సింగ్. "ఏడే తిన్నవ్. నన్ను అందుకోవాలంటె ఇంక రెండు కావాలె."

బస్సు కదిలింది. రాజేశం ఫోన్ కుడి చేత్తోనే తీశాడు. రెండు సార్లు జారింది, మూడోసారి ఆగింది. సుమలత ఎత్తింది. ఎన్ని గోల్స్ అని ఆమె అడగలేదు.

"యాడున్నవ్?" అంది.

"బస్సుల ఉన్న. డ్యూటీకి పోతున్న."