నీలితాడు బుట్టలో పన్నెండు ఆల్చిప్పలు

రెండు వేసవులుగా అజెనోర్ పంట సముద్రంలోనే చచ్చిపోతోంది. మోర్లే అఖాతంలో ఆటుకు నీళ్లు దిగినప్పుడు బయటపడే ఇనుప బల్లల మీద వలసంచులు పరిచి ఆల్చిప్పలు పెంచడం ఆమె అత్తింటివారి పని. భర్త పోయాక ఆరేళ్లుగా మామగారు గోనెరీ, ఆమె కలిసి నెట్టుకొస్తున్నారు. నీళ్లు వెచ్చబడగానే పట్టుకునే జబ్బు పిల్లచిప్పలను తుడిచిపెట్టేసింది. ఏ సంచి ఎత్తినా ఉత్త డొప్పలే గలగలమన్నాయి.

ఒక్క సంచిలో మాత్రం పన్నెండు బతికాయి. చుట్టూ చావులే ఉన్నా అవి నిక్షేపంలా ఎదిగాయి. ఆ మాట విని పరిశోధనశాల నుంచి క్లెమాన్స్ అనే ఆవిడ ఫోన్ చేసింది. జబ్బును ఓర్చుకునే గుణం వాటి పుట్టుకలోనే ఉండి ఉంటుందని, వాటితో పిల్లలను తీయించి తొలి విత్తనం అజెనోర్‌కే ఇస్తానని చెప్పింది. ఆ విత్తనం రాకపోతే వసంతంలో బల్లల మీద పెట్టడానికి ఏమీ ఉండదు. బల్లలు వదిలేసి రోస్కోఫ్ ఉల్లిపాయల గోదాంలో పనికి పోవాల్సిందే.

జూలైలో ఒక బుధవారం పొద్దున అజెనోర్ ఆ పన్నెండింటినీ బుట్టలో వేసి, చేతికందిన తాడుతో మూతి కట్టి, షెడ్డులోని ఉప్పునీటి తొట్టిలో దించింది. క్లెమాన్స్ రాగానే ఆటు దాటిపోకముందే బల్లలు చూపించడానికి తీసుకెళ్లింది. గంటన్నర బురదలో తిరిగి ఇద్దరూ ఆకలి మీద ఇల్లు చేరారు.

క్లెమాన్స్ వాకిట్లో బూట్లు విప్పి ముందుగా లోపలికి వెళ్లింది. వెనకాలే వచ్చిన అజెనోర్‌కు మామగారి గొంతు వినబడింది.

"ఆల్చిప్పలకి నిమ్మకాయ కావాలా? మేడమ్, మీది పారిస్ అనుకుంటా."

"లేదండీ, మాది నాంత్. అయినా నిమ్మకాయ లేకుండా నాకు దిగదు."

"నాంత్ అయితే ఇంకా సిగ్గుపడాలి. సముద్రం దగ్గరే కదా." గోనెరీ వాకిలి వైపు తిరిగాడు. "అమ్మాయ్, పక్కింటి మాడెక్‌ని ఒక నిమ్మకాయ అడుగు. నాకు జలుబు చేసిందని చెప్పు. పచ్చి ఆల్చిప్పల మీద పిండడానికని తెలిస్తే ఊళ్లో తలెత్తుకోలేను."

అజెనోర్ నవ్వుకుంటూ వెళ్లింది. మాడెక్ ఇంట్లో నిమ్మకాయ ఉంది కానీ, గోనెరీ జలుబు ఎన్నాళ్ల నుంచి, దగ్గు కూడా ఉందా అని ఆవిడ ఆరా తీసి గానీ ఇవ్వలేదు. తిరిగి వస్తూ అజెనోర్ అలవాటుగా షెడ్డులోకి తొంగిచూసింది. బుట్ట తొట్టి గట్టు మీద బోర్లించి ఉంది. దాని పక్కన నీలితాడు చుట్టచుట్టి ఉంది.

అప్పుడు గానీ ఆమెకు తట్టలేదు. ఆ ఇంట్లో అమ్మకానికి పోయే బుట్టలకు తెల్లతాడు, ఇంటివాళ్లు తినడానికి తీసిపెట్టుకున్న మంచిరకానికి నీలితాడు. మామగారి తాతల నాటి లెక్క. పొద్దున ఆమె చేతికందింది నీలితాడే.

పరుగున లోపలికి వెళ్లింది. బల్ల మీద నాచు పరిచిన పళ్లెంలో పది ఆల్చిప్పలు తెరిచి ఉన్నాయి. క్లెమాన్స్ నిమ్మకాయ కోసం ఎదురుచూస్తూ రొట్టెకు ఉప్పువెన్న రాసుకుంటోంది.

"మామయ్యా, మిగతా రెండూ ఏవి?"

"నేను తిన్నా. రుచి చూడకుండా చుట్టాలకి పెడతానా? అమృతంలా ఉన్నాయే."

"అవి మనం తినడానికి కాదు మామయ్యా. మేడమ్‌గారు వాటికోసమే వచ్చారు. ఆ పన్నెండూ అవే."

గోనెరీ చేతిలోని కత్తిని మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. "నీలితాడు చూసి..." అని ఆగిపోయాడు.

క్లెమాన్స్ పళ్లెం దగ్గరకు లాక్కుని వంగి చూసింది. పది చిప్పల్లోనూ మాంసం మీద చిక్కటి తెల్లదనం.

"పాలు పట్టాయే ఇవి."

"జూలై కదా. పాలు పడితే పైఊరివాళ్లు మొహం తిప్పుకుంటారు. నాకు అవే ఇష్టం," అన్నాడు గోనెరీ నీరసంగా.

"నాక్కావాల్సింది కూడా ఆ పాలే పెద్దాయనా. గుడ్లూ మగబీజమూ ఉండేది అందులోనే. ఎప్పుడు తెరిచారు?"

"మీరు బూట్లు విప్పుతున్నప్పుడు."

"అయితే ఆ నిమ్మకాయ ఇటు తేకండి. ఒక్క చుక్క పడినా గుడ్లన్నీ పోతాయి. మా దగ్గరైనా వీటిని ఇలాగే తెరిచి పాలు తీసేవాళ్లం. కాకపోతే ఇంత రుచిగా వడ్డించేవాళ్లం కాదు."

అజెనోర్ నిమ్మకాయను కిటికీలోంచి తోటలోకి విసిరేసింది.

క్లెమాన్స్ కారులోంచి మైక్రోస్కోపు తెచ్చింది. ఒక్కో చిప్పలోంచి చుక్క తీసి చూసి, గుడ్లున్నవి ఆరు, మగవి నాలుగు అని తేల్చింది. అజెనోర్ తొట్టి నీళ్లను కాఫీ వడగట్టే కాగితంలో వడకట్టింది. గోనెరీ అరవై ఏళ్లుగా చిప్పలు తెరిచిన చేత్తో, మాంసం నలగకుండా పాలు గీరి గిన్నెల్లోకి తీశాడు. గుడ్ల నీళ్లలో మగ పాలు కలిపి వేచి ఉన్నారు. ఈలోగా ముగ్గురూ డబ్బా సార్డిన్ చేపలతో భోజనం కానిచ్చారు.

గంటన్నర గడిచాక క్లెమాన్స్ గోనెరీని పిలిచి మైక్రోస్కోపులోకి చూడమంది. గుండ్రటి గుడ్డు ఒకటి రెండుగా చీలుతోంది. దాని పక్కది అప్పటికే నాలుగయింది.

గోనెరీ చాలాసేపు కన్ను తీయలేదు. "అయితే మేడమ్, ఈ పెళ్లికి పెద్దని నేనేగా."

"పెళ్లివారిలో ఇద్దర్ని మింగిన పెద్ద," అంది అజెనోర్.

శరదృతువులో గోరంత విత్తనం వచ్చింది. డబ్బా మీద చీటీలో 'గోనెరీ భోజనం' అని రాసి ఉంది. అజెనోర్ వసంతంలో సంచులు పరిచింది. జూన్‌లో నీళ్లు వెచ్చబడి పక్కబల్లల మీద చిప్పలు చచ్చి నోళ్లు తెరవడం మొదలైనా ఆమె తన సంచుల జోలికి పోలేదు. జూలై ఆటులో క్లెమాన్స్ వచ్చాక ఇద్దరూ కలిసి మొదటి సంచి ఎత్తారు. గలగల లేదు. బరువుగా ఉంది. విప్పి చూస్తే పదింటికి ఏడు గట్టిగా నోరు మూసుకుని ఉన్నాయి. బురదలో మోకాళ్ల మీద కూర్చుని అజెనోర్ మళ్లీ లెక్కపెట్టింది. నిజంగానే ఏడు.

ఇంటికి వచ్చేసరికి పళ్లెం సిద్ధంగా ఉంది. తెల్లతాడు బుట్టలోవే తెరిచానని గోనెరీ ముందే ఒట్టేశాడు. క్లెమాన్స్ కుర్చీ ముందు సాసరులో సగానికి కోసిన నిమ్మకాయ ఉంది.

"ఎక్కడిది మామయ్యా?"

"సంతలో కొన్నా," అన్నాడాయన తలెత్తకుండా. "పొరుగూరు సంతలో."