మరిది నడిపే బస్సు

ఫోనెత్తని మరిదిని పట్టుకోవాలంటే అతను నడిపే బస్సెక్కడమే మార్గమని ఆమెకు తట్టింది.

అన్నదమ్ముల పంపకాల్లో కాలవ పక్క పొలం మరిది వాటాకొచ్చింది. అతను టౌన్లో బస్సు డ్రైవరు. ఆమె భర్త వడ్రంగి పనికి పోతాడు. అందుకని ఆ పొలాన్ని ఆమే కౌలుకు తీసుకుని టమాటా పండిస్తోంది. ప్రభుత్వం సాగు ఖర్చులకని ఇచ్చే సాయం మాత్రం పొలం మరిది పేరున ఉండటంతో అతని ఖాతాలో పడుతోంది. ఈసారి వడగళ్ళకు తోట నేలమట్టమైంది. మళ్ళీ నారు కొందామంటే చేతిలో చిల్లిగవ్వ లేదు. వ్యవసాయ ఆఫీసుకు వెళ్తే, "మీ మరిది కౌలు కాగితం మీద సంతకం పెడితే, ఇకమీదట సాయం మీకే వస్తుందమ్మా" అన్నారు.

బస్సెక్కి సరిగ్గా డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. అద్దంలో ఆమెను చూసి మరిది గతుక్కుమన్నాడు.

"వదినా! నువ్వేంటిక్కడ?"

"టిక్కెట్టు కొనే ఎక్కాన్లే. సాయం డబ్బులు పడ్డాయటగా?"

"డ్యూటీలో ఉన్నాను. తర్వాత మాట్లాడదాం."

"తర్వాతంటే ఫోనెత్తవు. నువ్వు రోడ్డు చూసుకో, మాట్లాడే పని నాకొదిలెయ్."

ఆమె గొంతు చిన్నదేం కాదు. రెండు స్టాపులు దాటేసరికి బస్సంతా చెవులు రిక్కించింది.

"పండించేది ఆవిడైతే డబ్బులు నీకెందుకయ్యా?" అని ఓ పెద్దాయన అడిగేశాడు.

"మధ్యలో మీరెవరండీ?" అన్నాడు మరిది.

"ఆ టమాటాలు తినేవాణ్ణి!"

అందరూ గొల్లున నవ్వారు.

ఆఖరి స్టాపులో జనం దిగిపోయాక మరిది ఇంజనాపి, స్టీరింగు మీద చేతులేసుకుని కూర్చుండిపోయాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. నలుగురిలో కడిగిపారేసినందుకు ఆమెకూ లోపల గుచ్చుకుంది. తను కాపురానికొచ్చిన కొత్తలో ఇతను నిక్కరేసుకుని తన వెనకాలే తిరిగేవాడు.

"ఆ డబ్బులు అమ్మాయి పళ్ళ వైద్యానికి అయిపోయాయి వదినా. పొలం ఉందని ఇస్తున్నారనుకున్నాను."

"పోనీలే చిన్నా. అది నాకు మాత్రం పిల్ల కాదా? సంతకానికి ఏమడ్డం?"

అతను బస్సు తాళాలు తీసి చేతిలో తిప్పుతూ అన్నాడు. "సంతకం పెడితే పొలం కౌలుదారుదైపోతుందట. డిపోలో అందరూ అంటున్నారు."

"అయితే టిక్కెట్టు కొన్నాను కాబట్టి ఈ బస్సు నాదేనా? తాళాలిటివ్వు."

అతనికి నవ్వాగలేదు. అయినా భయం పూర్తిగా పోలేదు. మర్నాడు ఆఫీసుకు వచ్చి, ఆ కాగితం ఒక్క ఏడాదికేనని అక్కడి అధికారి చేత రెండుసార్లు చెప్పించుకున్నాకే సంతకం పెట్టాడు. వచ్చేటప్పుడు నర్సరీ దగ్గర ఆగి, తను హామీ ఉండి వదినకు నారు అప్పుగా ఇప్పించాడు.

సెలవు రోజున నాటడానికి కూడా వచ్చాడు. అతను పెట్టిన వరస చూసి ఆమె నడుం మీద చేతులేసుకుంది.

"బస్సు తిన్నగా నడుపుతావు, ఇదేంటి ఇన్ని వంకర్లు?"

"రోడ్డు మీద గీతుంటుంది వదినా!"

తర్వాతి విడత సాయం ఆమె ఖాతాలోనే పడింది. ముందు నర్సరీ బాకీ తీర్చేసింది. మిగిలినదాంతో తోట మొత్తానికి వడగళ్ళు ఆపే వల కొందామనుకుంది గానీ, సగానికే సరిపోయింది. భర్త గుంజలు చెక్కి పాతాడు. వల కింద కొత్త పూత కళకళలాడుతోంది. మిగతా సగం సంగతి వచ్చే విడతకి చూద్దామనుకుని ఆమె కలుపు తీయడానికి వంగింది.