నీళ్ల డబ్బా మీది కాగితం

అక్షర దోషాలుంటే మన్నించండి. నేను పలక పట్టింది అరవై దాటినాక. వత్తులు ఇప్పటికీ ఒకదాని కింద పెట్టాల్సినవి ఇంకొకదాని కింద పెడుతుంటాను. ఒక పేజీ రాయడానికి రెండు పూటలు పడుతుంది. ఆలస్యమైనా, జరిగింది జరిగినట్టే రాశాను.

సుంకమ్మ ఎవరినైనా నమ్మేది గానీ, నీళ్ల మాట ఎత్తిన వాళ్లను నమ్మేది కాదు. అందులోనూ దివాకర్ ఇంటివాళ్లను.

ముప్పై ఏళ్ల కిందట దివాకర్ నాయన ఆమె మొగుడికి చేలో ఒక చోటు చూపించి, "ఈడ బోరు ఏపిచ్చు హనుమంతప్పా, గంగ ఎగిరి పడ్తాది" అన్నాడు. ఆరు వందల అడుగులు పోయినా తెల్ల దుమ్ము తప్ప ఏమీ రాలేదు. హనుమంతప్ప కాలం చేశాడు. ఆ ఇనప గొట్టం మాత్రం చేలో ఇంకా నోరు తెరుచుకునే ఉంది. అటు పోయినప్పుడల్లా సుంకమ్మ ఆ ఇంటిని ఒకసారి తలుచుకునేది.

అలాంటి ఇంటి మనిషి, ఇప్పుడు కదిరిలో ఎలక్ట్రికల్ అంగడి నడుపుకుంటున్న దివాకర్, సుంకమ్మ మనవరాలికి నీళ్ల గురించి సలహా చెప్తుంటే ఆమె ఊరుకుంటుందా?

మనవరాలు గౌతమి నాలుగేళ్లు హిందూపురం పక్క గార్మెంట్సులో కుట్టింది. కుట్టీ కుట్టీ విసిగి, ఒక చిన్న లేజర్ మిషను కొనుక్కుని అవ్వ దగ్గరికి వచ్చేసింది. బల్ల మీద పట్టేంత చట్రం, దాని మీద అటూ ఇటూ జరిగే అరచేయంత పెట్టె. అందులోంచి సన్నటి నీలం వెలుగు దిగి చెక్క మీద అక్షరాలు కాలుస్తుంది. ఊరి చర్చి పాస్టర్ జాకబ్ బైబిలు వాక్యాలు చెక్కిన పలకలు నలభై కావాలని చెప్పాడు. ఏప్రిల్ ఆఖరి ఆదివారం బాప్తిస్మాలు, ఆ రోజుకు కావాలి. బాగుంటే చుట్టుపక్కల చర్చిల వాళ్లకూ చెప్తానన్నాడు. కాలేదంటే గౌతమి మళ్లీ గార్మెంట్సు బస్సు ఎక్కాల్సిందే.

కానీ మార్చి ఆఖరుకే మిషను మొరాయించింది. ఇరవై నిమిషాలు నడిస్తే పెట్టె చెయ్యి పెట్టలేనంత కాలేది, వెలుగు మందగించేది, అక్షరాలు పాలిపోయేవి. అదే పనిగా వేడెక్కితే లోపలి దీపం చచ్చిపోతుందని, దానికి మారు లేదని గౌతమి భయం. ఇద్దరూ కదిరి పోయి దివాకర్ అంగట్లో నిలబడ్డారు.

"ఫ్యాను పెద్దది ఏస్తే సాలదా అన్నా?" అంది గౌతమి.

"బయట నలభై రెండు ఉండాది. ఫ్యాను యాడినుంచి తెస్తాది సల్లగాలి? ఆ వడగాలినే తెచ్చి కొడ్తాది. దాంతోపాటు ఎర్రమన్ను."

"కరెంటు పెడితే సల్లబడే బిళ్ల ఉంటాదంట గదా, వీడియోలో సూసినా."

"ఉండాది. ఒక పక్క ఐసు, ఇంగో పక్క పొయ్యి. ఆ పొయ్యిని ఎవరు ఆర్పల్ల? మరీ సల్లగయితే లోపలి అద్దానికి సెమట పడ్తాది, అదొక తలనొప్పి." దివాకర్ గల్లా మీద ఒక రాగి బిళ్ల పెట్టాడు. "దీన్ని పెట్టెకు అంటించు. లోపల సన్న సందులుండాయి. ఈ బుల్లి మోటరు వాటిలో నీళ్లు తిప్పుతాది. నీళ్ల డబ్బాను తొట్లో పెట్టి తడిగోనె సుట్టు. మన గాలికి తడిగోనెను మించింది లేదు. తొట్లో ఏ నీళ్లన్నా పోసుకో, డబ్బాలో మాత్రం బోరు నీళ్లు పోయొద్దు. ఇయ్యే పోయల్ల." అంటూ అరలోంచి బ్యాటరీ నీళ్ల క్యాను దించాడు.

సుంకమ్మకు అప్పుడు అర్థమైంది. ఇంతసేపూ మాట్లాడింది ఆ క్యాను అమ్మడానికన్నమాట!

"ఏమప్పా, మేం తాగే నీళ్లు నీ రాగిబిళ్ల తాగదా?"

"తాగదవ్వా. దానికి మీ అంత గట్టి కడుపు లేదు."

గౌతమి నవ్వింది. సుంకమ్మ నవ్వలేదు. బస్సులో కూర్చున్నాక, "నీళ్లు లేని సోట నీళ్లున్నాయనె నాయన. నీళ్లుండంగా నీళ్లు కొనమనె కొడుకు" అంది. గౌతమి కిటికీ వైపు తిరిగింది.

ఇంట్లో అంతా దివాకర్ చెప్పినట్టే అమర్చారు. గౌతమి ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి డబ్బా మూతకు అతికించింది: "క్యాను నీళ్లే పోయాలి. కొళాయి నీళ్లు వద్దు." గోనె తడపడం, తొట్టి నింపడం, డబ్బాలో నీళ్లు చూడడం సుంకమ్మ పని. మిషను రోజంతా నడిచింది. అక్షరాలు నల్లగా, నిండుగా పడ్డాయి.

మూడో రోజు గౌతమి చెక్కలకని తనకల్లు పోయింది. సుంకమ్మ డబ్బా ముందు కూర్చుంది. కాగితం చదివింది. మళ్లీ చదివింది. మూడోసారి వేలు పెట్టి చదివింది. చదివి, డబ్బాలో నీళ్లు వేపచెట్టు మొదట్లో పారబోసి, కొళాయి నీళ్లు నింపింది. ఊరి కొళాయికి వచ్చేది బోరు నీళ్లే. మిగిలిన క్యాను శెనక్కాయల మూటల వెనక దాచింది. పలకలన్నీ అయిపోయాక ఆ క్యాను తీసుకుపోయి దివాకర్ గల్లా మీద పెట్టి, "సూడప్పా, మా నీళ్లతోనే నడిచె" అనాలి. ఆ మాటను ఎన్ని తీరులుగా అనవచ్చో గోనె తడుపుతూ రోజూ నోట్లో తిప్పుకునేది. డబ్బాలో తగ్గినప్పుడల్లా మళ్లీ కొళాయి నీళ్లే పోసింది.

మూడు వారాలు నడిచింది. ఆదివారం ఇంకా నాలుగు రోజులుందనగా, ముప్పై ఒకటో పలక మీద అక్షరాలు పాలిపోయాయి. గౌతమి పెట్టె మీద వేలు పెట్టి చటుక్కున తీసింది. గొట్టంలో నీళ్లు బొట్టు బొట్టుగా వస్తున్నాయి.

"పాత మోటరు అంటగట్టినాడు అవ్వా."

"నేను సెప్పలా? ఆ ఇంటోళ్లు అంతే" అంది సుంకమ్మ.

మరునాడు పొద్దున్నే మోటరు, రాగి బిళ్ల సంచిలో వేసుకుని అంగడికి పోయారు. గౌతమి అరిచిన అరుపులకు పక్క టీ అంగడి వాళ్లు గూడా తొంగి చూశారు. దివాకర్ మోటరును బకెట్లో వేసి నడిపించాడు. నీళ్లు ధారగా ఎగిరాయి. అప్పుడు రాగి బిళ్ల మరలు విప్పాడు. లోపలి సందుల నిండా తెల్లటి పెచ్చు.

సుంకమ్మ దాన్ని ఎక్కడ చూసినా గుర్తుపడుతుంది. నీళ్లు కాగబెట్టే తపేలా అడుగున నలభై ఏళ్లుగా ఆమె చింతపండు పెట్టి గీకుతున్నది అదే.

"బోరు నీళ్లు పోసినారు" అన్నాడు దివాకర్.

"మేమెందుకు పోస్తాం? డబ్బాకు కాగితం గూడా అంటించినా. నీ క్యానులోనే ఉండాది తప్పు!"

దివాకర్ ఆ పెచ్చును గోటితో గీకి చూశాడు. "అట్లయితే క్యాన్లు నింపినోడే నన్ను మోసం చేసినాడు. పదైదు మందికి అమ్మినానే" అంటూ స్టూలు ఎక్కి అరలోని క్యాన్లన్నీ ఒక్కొక్కటే కిందికి దించసాగాడు. ఫోను తీసి ఎవరికో, "బండికి పోసినావా ఆ నీళ్లు? పోయొద్దు, ఆపు" అని చెప్పాడు. ఇంకొకరికి చేశాడు.

మోసం చేసేవాడు కొన్నవాళ్లకు తానే ఫోన్లు చేస్తాడా? సుంకమ్మ చేతిలో సంచి బరువెక్కింది. మూడో ఫోను కలిసేలోపే అనేసింది.

"ఆపప్పా. నేనే పోసినా."

గౌతమి అవ్వ వైపు తిరిగింది. దివాకర్ స్టూలు దిగాడు. సుంకమ్మ ముఖం చూసి, గౌతమితో, "పోనీలే పాపా, పెద్దామె. సదవడం రాదు గదా, ఏ నీళ్లో తెలీక పోసింటాది" అన్నాడు.

తప్పించుకునే దారి అది. అవ్వకు చదవడం వచ్చని గౌతమికి తెలిసినా బజార్లో అవ్వ పరువు తీయదు. సుంకమ్మ తల అడ్డంగా ఊపింది.

"సదివినా. మూడు మార్లు సదివినా. నీ మాట అబద్ధమని సూపించల్లని పోసినా."

"నేనేం సేస్తినవ్వా నీకు?"

"మీ నాయన సూపిన బోరు ఎండిపాయె."

"మా నాయన మా చేలోనూ అట్నే సూపిచ్చినాడు. ఐదు ఏసినాం. ఐదూ ఎండినాయి" అన్నాడు దివాకర్. నిమ్మ ఉప్పు నీళ్లలో కలిపి రాగి బిళ్లను నానేశాడు. పెచ్చు కరగడానికి మధ్యాహ్నం దాటింది. అంతసేపూ సుంకమ్మ అంగడి మెట్టు మీదే కూర్చుంది. ఆ పూట దివాకర్ అంగట్లో టీ వచ్చింది గానీ, ఆమె దాకా రాలేదు.

దీపం చావలేదు గానీ కొంచెం వాడింది. ఒక్కో పలకకు ఇదివరకటి కంటే పది నిమిషాలు ఎక్కువ పట్టింది. నలభయ్యో పలకను ఆదివారం పొద్దున చర్చి గంట కొట్టేవేళకు, కాలిన వాసన పోకముందే జోలెలో వేసుకుని గౌతమి పరిగెత్తింది. జాకబ్ అన్నీ తీసుకున్నాడు. మరో ఇరవై చెప్పాడు.

డబ్బా మూతకు ఇప్పుడు కాగితం లేదు. చిన్న తాళం ఉంది. తాళంచెవి గౌతమి మెడలో దారానికి ఉంటుంది. పొద్దున్నే సుంకమ్మ తొట్టి నింపి గోనె తడుపుతుంది. ఆ పని అయ్యేదాకా గౌతమి పళ్లు తోముకుంటూ వాకిట్లోనే నిలబడి, బిందె ఎటు వంగుతుందో చూస్తూ ఉంటుంది.

సుంకమ్మ,
వయసు అరవై ఎనిమిది,
తనకల్లు దగ్గర మా ఊర్లో, మనవరాలితో ఉంటున్నాను.