పన్నెండు ఆటలు

పెద్దాపురంలో సినిమా హాలు ఎదురుగా ముప్పై ఏళ్లు చేగోడీల కొట్టు నడిపిన నాగేశ్వరప్రసాద్‌కి కాలమంతా ఆటల్లోనే నడిచేది. మార్నింగ్ షో, మాట్నీ, ఫస్ట్ షో, సెకండ్ షో. రోజుకి నాలుగు ఆటలు, నాలుగు బేరాలు. ఈమధ్య జనం పలచబడ్డారు గానీ ఆట మాత్రం ఆగలేదు.

అంతలో కాకినాడలో ఫుట్‌బాల్ క్లబ్ వెలిసింది. ఊరి దశ తిరిగిపోతుందని అందరూ అంటుంటే ఆయన స్టేడియం దాకా వెళ్లి వాచ్‌మన్ హరిబాబుని అడిగాడు.

"ఆటలెన్ని ఉంటాయి బాబూ?"

"పన్నెండండి."

వారానికి పన్నెండన్నమాట, పరవాలేదనుకున్నాడు. దురాశ కాదు పాపం, అలవాటు. "ఇంకోసారి కనుక్కోండి" అని భార్య మీనాకుమారి మొత్తుకున్నా చెవిన పెట్టలేదు. పాత కొట్టు ఖాళీ చేసి స్టేడియం ఎదురుగా మకాం పెట్టాడు.

మొదటి ఆటకి చేగోడీలు గంటలో ఊడ్చుకుపోయాయి. మర్నాడు రెట్టింపు వేయించాడు. మాట్నీ వేళ దాటింది, ఫస్ట్ షో వేళా దాటింది. వీధిలో కాకి కూడా వాలలేదు.

"ఏంటి బాబూ, ఇవాళ ఆట లేదా?"

"మళ్లీ పదిహేను రోజులకండి."

"పన్నెండన్నావు కదయ్యా!"

"ఏడాదికండి." హరిబాబు నొచ్చుకున్నాడు. "కొట్టు పెడతానని మీరు చెప్పలేదండి."

ఆయన మిగిలిన చేగోడీలు బుట్టలోకి ఎత్తాడు. క్లబ్ వల్ల ఊరు బాగుపడలేదని కాదు. హోటళ్లకీ ఆటోలకీ ఆట ఉన్నా లేకున్నా పనుంది, ఆట ఉన్న రోజు మరికాస్త ఎక్కువుంది. ఒక్క ఆటనే నమ్ముకున్నవాడు తనొక్కడే. ఎవరిని తిట్టుకోవాలో కూడా తెలియలేదు.

పాత కొట్టు మళ్లీ అడుగుదామని మర్నాడే చేగోడీల బుట్టతో మొగుడూ పెళ్లాలిద్దరూ పెద్దాపురం బస్సెక్కారు. తీరా చూస్తే కొట్టు నిండా నీలం చొక్కాలు వేలాడుతున్నాయి. క్లబ్ జెర్సీలు.

"ఆట లేకపోయినా చొక్కా రోజూ అమ్ముడుపోతుందండి," అన్నాడు కొట్లో కొత్తగా అద్దెకి దిగిన అనిల్ కుమార్ సంబరంగా.

నాగేశ్వరప్రసాద్ వెనక్కి తిరిగాడు. మీనాకుమారి కదల్లేదు. "మాట్నీ వదిలే వేళైంది. అడగండి," అంది మెల్లగా.

ఆయన గొంతు సవరించుకున్నాడు. అడగడానికి ప్రాణం చచ్చిపోయింది.

"బాబూ, ఈ అరుగు మీద కాస్త చోటిస్తారా?"

"దానికేముందండి, కూర్చోండి."

తను దగ్గరుండి కట్టించుకున్న అరుగు మీద, చొక్కాలకి అడ్డం రాకుండా, ఆయన ఒక పక్కకి ఒదిగి కూర్చున్నాడు.